ఊరి వెనకాలే నడిచొచ్చిన సరిహద్దు

1848లో అమెరికా, మెక్సికోల మధ్య యుద్ధం ముగిసేసరికి రియో గ్రాండే నది తూర్పున ఉన్న డోన్యా ఆనా అనే ఊరు అమెరికా చేతికి వచ్చింది. అక్కడి మెక్సికన్ కుటుంబాలు కొన్నింటికి అమెరికన్లుగా బతకడం ఇష్టం లేదు. నది దాటి, మెక్సికో వైపు లా మెసియా అనే కొత్త ఊరు కట్టుకున్నాయి. ఆ ఊరు కుదురుకుంటున్న రోజుల్లోనే, రైలు మార్గానికి చదునైన నేల కావాలని అమెరికా కోటి డాలర్లిచ్చి ఆ ప్రాంతాన్ని మెక్సికో దగ్గర కొనేసింది. 1854లో లా మెసియా కూడలిలో అమెరికా జెండా ఎగిరింది. ఏ జెండా వద్దనుకుని ఊరొదిలి వచ్చారో, ఆ జెండాయే వాళ్ళ వెనకాల నడిచొచ్చింది.

"మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అనే మాట అమెరికాలోని మెక్సికన్ మూలాల వాళ్ళ నోట తరచూ వినిపిస్తుంది. వినడానికి నినాదంలా ఉంటుంది కానీ లా మెసియా లాంటి ఊళ్ళలో అది అక్షరాలా జరిగింది. అమెరికాకూ స్పానిష్ మాట్లాడే ప్రపంచానికీ మధ్య రెండు వందల ఏళ్ళుగా నడుస్తున్న వ్యవహారంలో ఒక పద్ధతి పదే పదే కనిపిస్తుంది. నేల కావాలి, ఆ నేల మీద పుట్టిన పనితనం కావాలి, తిండి కావాలి, ఊళ్ళ పేర్లు కూడా కావాలి. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం బేరం మొదలవుతుంది. చివరికి గీత ఎక్కడ పడాలో తేల్చడంలోనూ ఆ బేరానికి పెద్ద పాత్రే ఉంది.

ముందు చొరబడింది ఎవరు?

మెక్సికో 1821లో స్పెయిన్ నుంచి విడిపోయింది. ఉత్తరాన టెక్సాస్ అనే విశాలమైన ప్రాంతం ఉంది. అక్కడ మెక్సికన్ జనం కొద్దిమందే, కమాంచీల లాంటి స్థానిక తెగల బలం ఎక్కువ. నేలను నిలబెట్టుకోవాలంటే మనుషులు కావాలి. కేథలిక్ మతం, మెక్సికో పౌరసత్వం తీసుకునే షరతు మీద అమెరికన్లకే భూములిచ్చి పిలిచారు. స్టీఫెన్ ఆస్టిన్ తొలి విడతలో 300 కుటుంబాలను తెచ్చాడు. వాళ్ళతో పాటు పత్తి వచ్చింది, పత్తితో పాటు నల్లజాతి బానిసలు వచ్చారు.

1829లో మెక్సికో అధ్యక్షుడు విసెంతె గెర్రెరో బానిసత్వాన్ని రద్దు చేశాడు. టెక్సాస్‌లో గోల మొదలయ్యేసరికి ఆ ఒక్క ప్రాంతానికి మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. 1830లో మెక్సికో ఇంకో అడుగు వేసి, అమెరికా నుంచి వలసలే ఆపేస్తూ చట్టం చేసింది. ఆ చట్టాన్ని లెక్కచేసిన వాళ్ళు తక్కువ. సబీన్ నది దాటి వస్తూనే ఉన్నారు. కొన్నేళ్ళకే టెక్సాస్‌లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు స్పానిష్ మాట్లాడేవాళ్ళకంటే ఎన్నో రెట్లయ్యారు. ఈ రోజు టెక్సాస్ రాజకీయ నాయకులు అక్రమ చొరబాట్ల మీద చేసే ప్రసంగాలు వింటుంటే, అనుమతి లేకుండా నది దాటి ఆ గడ్డ మీదికి తండోపతండాలుగా వచ్చిందెవరో గుర్తుకొచ్చి నవ్వాపుకోవడం కష్టమే.

1836లో టెక్సాస్ తిరగబడి స్వతంత్ర దేశమైంది. ఆ తిరుగుబాటును తెల్లవాళ్ళకూ మెక్సికన్లకూ మధ్య జరిగిన పోరుగా చెప్పడం అలవాటైపోయింది. నిజానికి టెక్సాస్ వైపు పోరాడిన స్పానిష్ మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. మెక్సికోను ఏలుతున్న శాంటా ఆనా నియంతృత్వం వాళ్ళకూ నచ్చలేదు. హువాన్ సెగీన్ అలాంటివాడే. సాన్ ఆంటోనియోలో తిరుగుబాటుదారులున్న ఆలమో కోటను మెక్సికో సైన్యం ముట్టడించినప్పుడు సాయం కోసం కబురు పట్టుకుని బయటికి వెళ్ళాడు కాబట్టి బతికాడు. టెక్సాస్ గెలిచిన సాన్ జసింటో యుద్ధంలో పోరాడాడు. ఆలమోలో చనిపోయిన వాళ్ళ బూడిదకు తర్వాతి ఏడాది అంత్యక్రియలు చేయించాడు. సాన్ ఆంటోనియో నగరానికి మేయర్ అయ్యాడు. అయినా 1842లో ద్రోహి అన్న ముద్ర పడి, కొత్తగా వచ్చిన వాళ్ళ బెదిరింపులకు భయపడి కుటుంబంతో మెక్సికోకు పారిపోయాడు. పుట్టిన గడ్డ మీదే పరాయివాణ్ణయ్యానని తర్వాత రాసుకున్నాడు. మెక్సికో సైన్యంలో చేరక తప్పని పరిస్థితి వచ్చి, కొన్నేళ్ళకు అమెరికాకే ఎదురు నిలబడాల్సి వచ్చింది.

గీత ఎక్కడ పడాలి

1845లో అమెరికా టెక్సాస్‌ను కలుపుకుంది. అదే ఏడాది జాన్ ఓసలివన్ అనే పత్రికా సంపాదకుడు, ఖండమంతా వ్యాపించడం అమెరికాకు దేవుడు రాసిపెట్టిన రాత అని రాశాడు. అమెరికా అధ్యక్షుడు జేమ్స్ పోక్ ప్రభుత్వం మొదట కాలిఫోర్నియా, న్యూ మెక్సికోలను డబ్బిచ్చి కొంటానని దూతను పంపింది. బేరం కుదరలేదు. తర్వాత న్యూయెసిస్, రియో గ్రాండే నదుల మధ్యనున్న తగాదా నేల మీదికి సైన్యాన్ని నడిపించింది. 1846 ఏప్రిల్‌లో అక్కడ మెక్సికో దళాలు కాల్పులు జరపగానే, అమెరికా గడ్డ మీద అమెరికన్ల రక్తం చిందిందని పోక్ యుద్ధం ప్రకటింపజేశాడు. రక్తం చిందిన ఆ చోటు ఎక్కడుందో చూపించమని ఇల్లినాయ్ నుంచి కొత్తగా ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడొకడు నిలదీశాడు. ఆయన పేరు అబ్రహాం లింకన్. అదే యుద్ధంలో కుర్ర లెఫ్టినెంట్‌గా పోరాడిన యులిసిస్ గ్రాంట్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. బలమైన దేశం బలహీనమైన దేశం మీద చేసిన అత్యంత అన్యాయమైన యుద్ధాల్లో అదొకటని ఆయన తన జ్ఞాపకాల్లో రాశాడు.

పోరాటం వివరాలు ఇక్కడ అంత ముఖ్యం కాదు. 1847 సెప్టెంబరుకు అమెరికా జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ సైన్యం మెక్సికో నగరంలో ఉంది. దాదాపు 13,000 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమందిని చంపింది రోగాలే. ఐర్లండ్ నుంచి వచ్చిన కేథలిక్ సైనికులు కొందరు అమెరికా సైన్యం వదిలి మెక్సికో వైపు చేరారు. పట్టుబడ్డాక వాళ్ళలో 50 మంది దాకా ఉరికంబం ఎక్కారు. అమెరికా వాళ్ళను ద్రోహులంది, మెక్సికో ఇప్పటికీ వీరులుగా తలుచుకుంటుంది.

అసలు ఆసక్తికరమైన ఘట్టం యుద్ధం గెలిచాక మొదలైంది. రాజధానే చేతిలో ఉంది కదా, మెక్సికో మొత్తాన్నీ కలిపేసుకుందాం అనే వాదన వాషింగ్టన్‌లో గట్టిగా నడిచింది. దానికి అడ్డుపడ్డవాళ్ళలో మెక్సికన్ల మీద జాలిపడ్డవాళ్ళు ఉన్నారు కానీ, అందరికంటే ఎక్కువగా వినిపించిన గొంతు బానిసత్వానికి పెద్ద కాపుదారైన సౌత్ కరొలైనా సెనెటర్ జాన్ కాల్హూన్‌ది. 1848 జనవరిలో సెనెట్‌లో ఆయన మాట సూటిగా ఉంది. మనది తెల్లజాతి ప్రభుత్వం, ఇన్ని లక్షల మంది ఇండియన్లనూ (అంటే అక్కడి స్థానిక తెగల వాళ్ళనూ) మిశ్రమ జాతుల వాళ్ళనూ తెచ్చి ఇందులో ఎలా కలుపుతాం అన్నాడు. అంటే మెక్సికోలో సగం మిగలడానికి జాతి అహంకారం కూడా ఒక కారణమైంది. దురహంకారమే కొన్నిసార్లు దురాక్రమణకు కళ్ళెం వేస్తుందనడానికి చరిత్రలో ఇంతకంటే విచిత్రమైన ఉదాహరణ దొరకడం కష్టం.

1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపె ఇడాల్గో దగ్గర సంధి కుదిరింది. అమెరికా తరఫున సంతకం చేసిన నికొలస్ ట్రిస్ట్‌ను పోక్ అప్పటికే వెనక్కి రమ్మన్నాడు. ఆయన ఆ ఉత్తరం పక్కన పెట్టి బేరం ముగించాడు. అమెరికా ఇచ్చింది కోటీ యాభై లక్షల డాలర్లు. పుచ్చుకున్నది ఐదు లక్షల చదరపు మైళ్ళకు పైగా నేల, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చేదానికి దాదాపు ఐదు రెట్లు. టెక్సాస్‌ను కూడా కలిపి చూస్తే మెక్సికో భూభాగంలో సగానికి పైగా పోయింది. దాంతో పాటు వచ్చిన మెక్సికన్ జనం మాత్రం లక్ష లోపే, ఆ దేశ జనాభాలో ఒక శాతం చిల్లర. కాల్హూన్ కోరుకున్న లెక్క దాదాపుగా కుదిరింది. ఇంకో సంగతి. సంతకాలకు తొమ్మిది రోజుల ముందు, జనవరి 24న, కాలిఫోర్నియాలో సటర్ రంపపు మిల్లు దగ్గర కాలవలో బంగారం కనిపించింది. సంతకాలు పెట్టిన రెండు పక్షాలకూ ఆ కబురు తెలీదు.

అయితే మెక్సికన్లను నోరులేని బాధితులుగా మాత్రమే చూపిస్తే కథ సగమే. వాళ్ళు పోగొట్టుకున్న నేల అంతకుముందు అపాచీలది, కమాంచీలది, ప్యూబ్లో ప్రజలది, కాలిఫోర్నియా తీరపు తెగలది. స్పానిష్ పాదిరీలు నడిపిన మిషన్లలో స్థానికుల చేత వెట్టి చేయించుకున్న చరిత్ర ఉంది. ఒక ఆక్రమణదారు చేతిలోంచి ఇంకో ఆక్రమణదారు చేతికి మారిన ఆ నేల మీద, రెండుసార్లూ ఎవరూ అభిప్రాయం అడగనివాళ్ళు ఆ తెగల వాళ్ళే.

కాగితం మీద పౌరులు

సంధి ప్రకారం ఏడాదిలోగా మెక్సికో పౌరులుగానే ఉంటామని చెప్పనివాళ్ళంతా అమెరికా పౌరులవుతారు, వాళ్ళ ఆస్తికి రక్షణ ఉంటుంది. పాత ప్రభుత్వాలు ఇచ్చిన భూదానాలను ప్రత్యేకంగా కాపాడే పదో అధికరణాన్ని మాత్రం అమెరికా సెనెట్ కొట్టేసింది.

దాని ఫలితం కాలిఫోర్నియాలో త్వరగానే తెలిసింది. 1851 చట్టం ప్రకారం స్పానిష్, మెక్సికన్ కాలపు పట్టాలున్నవాళ్ళే తమ హక్కు నిరూపించుకోవాలి. 813 దావాలు పడ్డాయి. చాలావరకు చివరికి నెగ్గాయి కూడా. కానీ ఒక్కో దావా తేలడానికి సగటున 17 ఏళ్ళు పట్టింది. ఈలోగా లాయర్ ఫీజులు, అప్పులు, వడ్డీలు, భూముల్లో గుడిసెలేసుకుని కదలనివాళ్ళు. కేసు గెలిచేసరికి భూమి లాయరుదో అప్పులవాడిదో అయ్యేది. భూమి తగాదా ఒక తరంలో మొదలై మరో తరానికి వారసత్వంగా రావడం తెలుగు పాఠకులకు విడమరచి చెప్పాల్సిన పని లేదు.

మరియానో వయెహో కథ ఇందుకు అద్దం. ఉత్తర కాలిఫోర్నియాలో అందరికంటే పెద్ద భూస్వామి, సైనికాధికారి. అమెరికాలో కలవడమే మేలని నమ్మినవాడు. 1846లో తిరగబడ్డ అమెరికన్లు మొదట అరెస్టు చేసింది ఆయన్నే. అయినా మనసు మార్చుకోలేదు. 1849లో మాంటెరేలో కాలిఫోర్నియా రాజ్యాంగం రాసిన 48 మందిలో ఆయనొకడు. ఆ రాజ్యాంగం చట్టాలన్నీ ఇంగ్లీషు, స్పానిష్ రెండు భాషల్లోనూ అచ్చు వేయాలంది. 1862లో సుప్రీంకోర్టు ఆయన సుస్కోల్ భూముల దావా కొట్టేసింది. 1879లో వచ్చిన కొత్త రాజ్యాంగం స్పానిష్ నిబంధనను తీసేసింది. వయెహో 1890లో చనిపోయేనాటికి లక్షల ఎకరాల్లో మిగిలింది సొనోమాలో ఒక ఇల్లు, దాని చుట్టూ కొంత స్థలం.

న్యూ మెక్సికోలో వ్యవహారం ఇంకో రకం. అక్కడ చాలా భూదానాలు ఊరి మొత్తానికి ఇచ్చినవి. ఇళ్ళకూ పొలాలకూ కొంత నేల విడివిడిగా ఉంటే, మేతబీడు, కట్టెల అడవి ఊరుమ్మడివి. అమెరికా చట్టానికి ఈ ఉమ్మడి అనేది అర్థం కాలేదో, అర్థం కానట్టు నటించిందో. 1897లో సుప్రీంకోర్టు ఆ ఉమ్మడి నేల ఊళ్ళది కాదు, ప్రభుత్వానిదే అని తేల్చింది. ఆ కేసులో సాన్ మిగెల్ దెల్ బాదో ఊరు అడిగింది 3 లక్షల ఎకరాలకు పైగా, దక్కింది 5,000 ఎకరాల చిల్లర. ఊళ్ళ తరఫున వాదించిన లాయర్లు ఫీజుగా భూమి రాయించుకునేవారు. అలా దేశంలోనే పెద్ద భూస్వాముల్లో ఒకడైన థామస్ కాట్రన్ 1912లో న్యూ మెక్సికోకు తొలి సెనెటర్లలో ఒకడుగా వాషింగ్టన్ వెళ్ళాడు.

ఆ 1912 అనే సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. కాలిఫోర్నియా 1850లోనే రాష్ట్రమైంది, ఎందుకంటే బంగారం కోసం ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు లక్షల్లో వచ్చిపడ్డారు. అదే సంధి కింద వచ్చిన న్యూ మెక్సికో మాత్రం 64 ఏళ్ళు వాకిట్లో నిలబడింది. అక్కడ స్పానిష్ మాట్లాడే కేథలిక్కులే ఎక్కువ. ఇండియానా సెనెటర్ ఆల్బర్ట్ బెవెరిడ్జ్ 1902లో ఆ ప్రాంతం తిరిగొచ్చి, కోర్టుల్లో దుబాసీలు ఉన్నారు, బడుల్లో స్పానిష్ వినిపిస్తోంది, వీళ్ళింకా అమెరికన్లు కాలేదు అని అడ్డుపడ్డాడు. చివరికి రాష్ట్రమైనప్పుడు న్యూ మెక్సికో వాళ్ళు, స్పానిష్ మూలాల పిల్లలను వేరే బడుల్లో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అడిగి తెచ్చుకోవడం కంటే రాసి పెట్టుకోవడమే క్షేమమని వాళ్ళకు 64 ఏళ్ళు నేర్పాయి.

కౌబాయ్ టోపీ కింద ఎవరున్నారు

ఇన్ని అడ్డంకులు పెట్టిన వాళ్ళే ఆ ప్రజల పనితనాన్ని మాత్రం మొహమాటం లేకుండా తీసుకున్నారు. ప్రపంచం దృష్టిలో అమెరికాకు గుర్తు ఏదంటే కౌబాయ్. ఆ కౌబాయ్ నెత్తి నుంచి కాళ్ళ దాకా మెక్సికన్ వాకేరో. వాక అంటే స్పానిష్‌లో ఆవు. వాకేరో అంటే పశువులు కాసేవాడు. ఆ మాటే అమెరికన్ల నోట్లో నలిగి బకరూ అయింది. తాడు పేరు లా రియాతా, అది లారియట్ అయింది. అడవి గుర్రం మెస్తేన్యో, మస్టాంగ్ అయింది. కాళ్ళకు తొడిగే తోలు తొడుగు చాపరేరాస్, చాప్స్ అయింది. రాంచ్, రోడియో, కొరాల్, బ్రాంకో అన్నీ అక్కడివే. ఆఖరికి జైలుకు పెట్టుకున్న హూస్‌గావ్ అనే ముద్దుపేరు కూడా కోర్టు అనే అర్థమున్న హుజ్‌గాదో నుంచి వచ్చింది. 1971లో కృష్ణ తెలుగు తెర మీద కౌబాయ్ వేషం కట్టినప్పుడు అది హాలీవుడ్ నుంచి, ఇటలీ నుంచి వచ్చిందనుకున్నాం. దాని అసలు దర్జీ మెక్సికోలో ఉన్నాడు.

మాటలే కాదు, చట్టమూ అంతే. ఇంగ్లీషు సంప్రదాయ చట్టంలో పెళ్ళయిన ఆడదానికి ఆస్తి దాదాపుగా ఉండేది కాదు, భర్తదే పెత్తనం. స్పానిష్ చట్టంలో పెళ్ళయ్యాక సంపాదించింది ఇద్దరిదీ. టెక్సాస్, కాలిఫోర్నియా ఆ పద్ధతినే ఉంచుకున్నాయి. ఇప్పుడు అమెరికాలో తొమ్మిది రాష్ట్రాల్లో అది నడుస్తోంది. డాలస్ శివార్లలోనో సాన్ హోసేలోనో జీతాల మీద ఇల్లు కొనుక్కున్న తెలుగు దంపతులకు ఆ ఇంటి మీద ఇద్దరికీ సమాన హక్కు రావడం వెనక పాత స్పానిష్ రాజుల కాలపు చట్టం ఉంది.

నీళ్ళ సంగతి మరీ ముచ్చటైనది. న్యూ మెక్సికో ఊళ్ళలో ఉమ్మడి పంట కాలవలను అసేకియాలంటారు. ఎవరి పొలానికి ఎన్ని గంటలు నీళ్ళు వదలాలో చూసే మనిషి మయోర్దోమో. తెలంగాణ చెరువుల కింద నీరటికాడు చేసిన పని సరిగ్గా అదే. అసేకియా అనే మాట అరబ్బులు స్పెయిన్‌ను ఏలిన రోజుల్లో స్పానిష్‌లోకి వచ్చింది. ఉర్దూ గజళ్ళలో మధువు పోసే సాకీ కూడా అదే అరబీ ధాతువు నుంచి పుట్టాడు. ఎడారి దేశంలో పుట్టిన నీటి మాట స్పెయిన్‌లోని అండలూసియా మీదుగా అట్లాంటిక్ దాటి రాకీ పర్వతాల కింద ఇప్పటికీ పొలాలు తడుపుతోంది. ఊరుమ్మడి మేతబీడు కోర్టుల్లో పోయింది కానీ, ఊరుమ్మడి కాలవ మిగిలింది.

డబ్బు విషయానికొస్తే, స్పానిష్ వెండి నాణెం 1857 దాకా అమెరికాలో చట్టబద్ధంగా చెల్లింది. అమెరికా డాలర్‌కు నమూనా అదే.

సముద్రం దాటిన లెక్క

1898లో ఇదే కథ ద్వీపాల్లో జరిగింది. క్యూబా అప్పటికి స్పెయిన్ మీద చాలాకాలంగా పోరాడుతోంది. దాని నాయకుడు హోసే మార్తీ పదిహేనేళ్ళ దాకా న్యూయార్క్‌లో ఉండి పత్రికలకు రాసి బతికినవాడు. అమెరికాను మెచ్చుకున్నాడు, భయపడ్డాడు కూడా. రాక్షసి కడుపులో ఉండొచ్చాను, దాని పేగులు నాకు తెలుసు అని 1895లో, చనిపోయే ముందు రోజు, స్నేహితుడికి రాశాడు. మూడేళ్ళకు హవానా రేవులో మెయిన్ అనే అమెరికా యుద్ధనౌక పేలి 260 మందికి పైగా చనిపోయారు. పేలుడుకు కారణం తేలకముందే పత్రికలు స్పెయిన్‌ను దోషిని చేశాయి. కొద్ది నెలల యుద్ధంతో క్యూబా, ప్యూర్టో రికో, గ్వామ్, ఫిలిప్పీన్స్ స్పెయిన్ చేయి జారాయి.

యాభై ఏళ్ళ కిందటి చిక్కే మళ్ళీ ఎదురైంది. ఈసారి జనం లేని చోట గీత గీయడానికి వీల్లేదు, అవి జనంతో నిండిన ద్వీపాలు. అందుకే కొత్త ఉపాయం కనిపెట్టారు. 1901లో సుప్రీంకోర్టు ప్యూర్టో రికోను, అమెరికాకు చెందినదే గానీ అమెరికాలో భాగం కాదు అంది. దేశీయమైన అర్థంలో విదేశం అన్నది ఆ తీర్పులో ఒక న్యాయమూర్తి వాడిన మాట. ఇలాంటి మాట లాయర్లకు తప్ప ఇంకెవరికీ తట్టదు. 1917లో అక్కడివాళ్ళకు పౌరసత్వం ఇచ్చారు. అయినా ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. అదే మనిషి విమానమెక్కి ఫ్లోరిడాలో ఇల్లు అద్దెకు తీసుకుంటే ఓటు వచ్చేస్తుంది. ప్యూర్టో రికో మూలాల వాళ్ళు ఇప్పుడు ద్వీపంలో కంటే అమెరికా ప్రధాన భూభాగంలోనే ఎక్కువ.

సంస్కృతి మాత్రం సైన్యాల దారిలో నడవలేదు. బేస్‌బాల్ సంగతే తీసుకోండి. మనకు క్రికెట్‌ను పాలకులు తెచ్చారు. క్యూబాకు బేస్‌బాల్‌ను తెచ్చింది అమెరికాలో చదువుకుని సెలవులకు ఇంటికొచ్చిన క్యూబా కుర్రాళ్ళు, అదీ 1860లలో, అమెరికా సైన్యం దిగడానికి 30 ఏళ్ళ ముందు. స్పెయిన్ పాలకులు ఎద్దులతో మనుషులు పోరాడే ఆటలను చూపిస్తుంటే, మేం మీలాంటి వాళ్ళం కాదు అని చెప్పడానికి క్యూబన్లు బ్యాటు పట్టుకున్నారు. పాలకులకు అనుమానం వచ్చి ఆటను నిషేధించారు కూడా. డొమినికన్ రిపబ్లిక్‌కు దాన్ని మోసుకెళ్ళిందీ క్యూబన్లే. ఆ దేశాన్ని 1916 నుంచి 1924 దాకా అమెరికా సైన్యం ఆక్రమించింది. ఇవాళ అమెరికా లీగుల్లో ఆ చిన్న దేశపు ఆటగాళ్ళు లేని జట్టును ఊహించలేం.

ఏ రంగు రాయాలి?

1848 నాటి అమెరికా చట్టంలో విదేశీయుడు పౌరుడు కావాలంటే తెల్లవాడై ఉండాలి. సంధి మెక్సికన్లను పౌరులను చేసింది కాబట్టి, తర్కం ప్రకారం వాళ్ళు చట్టం దృష్టిలో తెల్లవాళ్ళు. 1897లో రికార్డో రోద్రిగేజ్ పౌరసత్వ దరఖాస్తును కొట్టేయమని కొందరు అడిగినప్పుడు టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు, మనిషిని చూస్తే తెల్లవాడిలా లేడు గానీ సంధులు ఒప్పుకుంటున్నాయి కాబట్టి సరే అంది. బడి గుమ్మం దగ్గర మాత్రం ఈ తెల్లదనం చెల్లలేదు. కాలిఫోర్నియాలో మెక్సికన్ పిల్లలకు వేరే బడులుండేవి. గొంజాలో మెండెజ్, ప్యూర్టో రికోలో పుట్టిన ఆయన భార్య ఫెలిసితాస్, మరికొన్ని కుటుంబాలు కలిసి కోర్టుకెక్కి 1947లో అప్పీలులోనూ గెలిచారు. అప్పటి గవర్నర్ ఎర్ల్ వారెన్ రాష్ట్ర చట్టాల్లో మిగిలిన బడి వివక్షను తుడిచేశాడు. ఏడేళ్ళకు అదే వారెన్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నల్లపిల్లల బడుల మీద దేశాన్ని మార్చిన తీర్పు రాశాడు.

ఈ రంగు గందరగోళంలో భారతీయులకూ ఒక వాటా ఉంది. 20వ శతాబ్దం మొదట్లో కాలిఫోర్నియా ఇంపీరియల్ లోయలో పనికొచ్చిన పంజాబీ మగవాళ్ళు స్వదేశం నుంచి భార్యలను తెచ్చుకోలేరు, తెల్ల ఆడవాళ్ళను పెళ్ళాడటానికి చట్టం ఒప్పుకోదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారని తేల్చి పౌరసత్వం తలుపు మూసింది. చాలామంది పంజాబీలు పత్తి చేలల్లో పక్కన పనిచేసే మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడారు. వేర్వేరు రంగుల వాళ్ళకు పెళ్ళి కాగితం ఇవ్వకూడదన్న చట్టం ఉన్నా, గుమాస్తా ఇద్దరినీ చూసి ఇద్దరికీ గోధుమ రంగని రాసి సంతకం పెట్టేసేవాడు. పంజాబీ రొట్టె, మెక్సికన్ రొట్టె తోర్తియా ఒకే పెనం మీద కాలాయి. పిల్లల పేర్లలో మరియా ఉండేది, సింగ్ ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కూలీల కొరత వచ్చి 1942లో బ్రసేరో పథకం మొదలైంది. 1964 దాకా 46 లక్షల ఒప్పందాల మీద మెక్సికన్ కూలీలు అమెరికా పొలాల్లో పనిచేశారు. ఆ పథకం ఒకపక్క నడుస్తుండగానే, 1954లో ప్రభుత్వం మెక్సికన్లను పట్టుకుని లారీల్లో, రైళ్ళలో, ఓడల్లో వెనక్కి పంపింది. చేతులు కావాలి, మనుషులు వద్దు. కాల్హూన్ లెక్కే, పద్దు మాత్రమే మారింది.

తిండికి ఈ పేచీలేవీ పట్టలేదు. సాన్ ఆంటోనియో మైదానంలో మెక్సికన్ ఆడవాళ్ళు రాత్రిపూట గిన్నెలు పెట్టుకుని అమ్మిన కారపు మాంసం కూర టెక్సాస్ రాష్ట్ర వంటకమైంది. మిరపకాయ పుట్టిల్లు ఆ వైపే. ఇంగ్లీషులో చిల్లీ అనే మాట మెక్సికో స్థానికుల నావాత్ల్ భాషది. పోర్చుగీసు ఓడలెక్కి మన తీరం చేరి గుంటూరును ఏలిన ఆ కాయ, ఇప్పుడు టెక్సాస్ తెలుగు ఇళ్ళలో హలపేన్యో రూపంలో మళ్ళీ బజ్జీల నూనెలోకి దిగుతోంది. అమెరికా వెళ్ళిన శాకాహార తెలుగువాళ్ళకు ఊరుకాని ఊళ్ళో ముందుగా దిక్కయ్యేది కూడా బీన్స్, అన్నం, కారం దొరికే మెక్సికన్ కొట్టే.

2020 జనగణనలో అమెరికాలో స్పానిష్, లాటిన్ అమెరికన్ మూలాల వాళ్ళు 6.2 కోట్లు. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు 4 కోట్లకు తక్కువ ఉండరు. 2025 మార్చిలో అధ్యక్ష ఉత్తర్వుతో ఇంగ్లీషు అధికార భాష అయింది. ఆ ఉత్తర్వు వర్తించే దేశంలో కొలరాడో, నెవాడా, ఫ్లోరిడా, లాస్ ఏంజెలెస్, సాన్ ఫ్రాన్సిస్కో అని పిలవకుండా పటం చదవడం కుదరదు.

అమెరికా తిరిగిచ్చిన నేల కూడా కాస్త ఉంది. రియో గ్రాండే 1860లలో వరదలకు దక్షిణంగా జరిగి, మెక్సికోకు చెందిన చమిసాల్ అనే ముక్కను ఎల్ పాసో నగరం వైపు వదిలేసింది. 1911లో మధ్యవర్తులు అందులో చాలా భాగం మెక్సికోదేనంటే అమెరికా ఒప్పుకోలేదు. మరో యాభై ఏళ్ళకు, 1963లో, సంధి కుదిరింది. కొన్ని వందల ఎకరాలు మెక్సికోకు వెళ్ళాయి. నది మళ్ళీ కదలకుండా సిమెంటు కాలవలో బంధించారు. ఆ నేల మీద అప్పటికి 5,000 మందికి పైగా ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది మెక్సికన్ మూలాల అమెరికన్లే. ఇళ్ళకు పరిహారం తీసుకుని, సామాన్లు సర్దుకుని, వాళ్ళు ఉత్తరంగా జరిగారు.